జేజి కూర్చోనన్న సీటు

లక్ష్మత్త దినాలు అయిపోయిన కొన్నాళ్లకు పద్మ కడప నుంచి ఒక్కతే కారు నడుపుకుంటూ కర్నూలులో మా ఇంటికి వచ్చింది. లక్ష్మత్త అంటే మా నాయన చెల్లెలు. పద్మ ఆమె ఒక్కగానొక్క కూతురు, నాకు మరదలు. బ్యాంకులో పనిచేస్తుంది. కాఫీ తాగి, వాళ్లమ్మ గురించి కాసేపు మాట్లాడుకున్నాక, కారు సీటు బాగుచేయించాలి, తోడు రమ్మని అడిగింది. కిందికి వెళ్లి చూశాను. తోలు సీట్ల కారు. ఎవరో కొన్నాళ్లు వాడి అమ్మితే ఆమె కొనుక్కుంది. మిగతా సీట్లు బాగానే ఉన్నాయి గానీ, ముందు ఎడమవైపు సీటు మాత్రం బాగా నలిగిపోయింది. ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు తొడ రాసుకునే అంచున రంగు పోయి కుట్టు విచ్చుకుంది. కూర్చునే చోట, ఎండిన కుంటలో మట్టిలాగా, సన్నగా నెర్రెలు పట్టాయి.

సీట్లు కుట్టే అంగడికి పోయాం. అంగడి అతను మర్యాదస్తుడు. బొటనవేలితో నెర్రెల మీద నొక్కి చూసి, మన ఎండలకు తోలు ఇట్లాగే అవుతుందని, అన్ని సీట్లకూ కొత్త కవర్లు కుట్టేస్తే సాయంత్రానికి బండి తీసుకుపోవచ్చని చెప్పాడు. రంగురంగుల నమూనాల పుస్తకం తెచ్చి మా ముందు పెట్టాడు. ఈ ఒక్క సీటునే బాగుచేయమని పద్మ అడిగింది. చేస్తే అతుకు అతుకుగానే కనబడుతుందని అతనన్నాడు. అతను చెప్పిందీ నిజమే. పద్మ ఆలోచించుకుని వస్తానని చెప్పి బయటికి వచ్చింది. ఎందుకు వద్దందో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. కారులో కూర్చుని తాళంచెవి తిప్పబోతూ ఆగి అడిగింది.

“వదినా, అత్త మన పాత కారు సీట్లకు ఏందో రాస్తాండె గదా. ఏంది అది?”

అత్త అంటే మా అమ్మ. పద్మకు మేనమామ భార్య. జవాబు నాకు నోటికి రాకముందే ముక్కుకు తగిలింది. ఆముదం, తేనెమైనం కలిపి వెచ్చబెట్టిన వాసన. దానికింద పాత తోలు వాసన, పెట్రోలు వాసన, గోడ అవతలి కొట్టం నుంచి వచ్చే జొన్నచొప్ప వాసన. ఇన్నేళ్ల తర్వాత, ఏసీ కారులో అద్దాలు మూసుకుని కూర్చున్న నాకు అవన్నీ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. ఆ సీట్ల గురించి అడగడానికి మా అందరికన్నా పద్మకే ఎక్కువ హక్కు ఉంది. ఆమె పుట్టింది ఆ సీటు మీదే.

మా ఊరు నందికొట్కూరుకు దగ్గర. నేను చిన్నబడిలో చదువుకునే రోజుల్లో, కర్నూలులో ఉద్యోగం ముగించుకుని సొంత ఊరికి పోతున్న ఒక ఇంజనీరు దగ్గర నాయన ఆ కారు కొన్నాడు. అప్పటికే అది పాతది. నల్లటి విలాయతీ కారు. దాని సీట్లు అసలైన తోలువి, కాచిన బెల్లం రంగువి. చుట్టుపక్కల ఊళ్లలో జీపులున్నాయి, ట్రాక్టర్లున్నాయి గానీ ఇట్లాంటి కారు లేదు. అందుకని ఎవరింట్లో పెళ్లయినా పెళ్లికూతురిని మా కారులోనే తీసుకుపోయేవాళ్లు. నాయన దానికి బాడుగ తీసుకునేవాడు కాదు. అడగడమే ఆయనకు గౌరవం. ఎక్కేముందు పంచె దులుపుకునేవాడు. మొలతాడుకు తాళాలు, చాకులు కట్టుకున్న పెద్దమనుషులు ఎవరైనా ఎక్కబోతే, సీటు గీరుకుపోకుండా అవి విప్పి ఒళ్లో పెట్టుకోమని బతిమాలేవాడు. ఎండాకాలం ఆ సీట్లు పెనంలా కాలేవి. మేం పిల్లలం అరచేతులు కిందపెట్టుకుని, వాటి మీద కూర్చునేవాళ్లం.

మొదటి ఏడాది సీట్ల సంగతి నాయనే చూసుకున్నాడు. తోలు ఎండకు ఆరిపోకుండా నూనె పట్టించమని ఇంజనీరు చెప్పిపోయాడట. ఏ నూనె అన్నది నాయన అడగలేదు. మా చేలో పండిన చెనిక్కాయలు గానుగాడించిన నూనె ఇంట్లో డబ్బాలకొద్దీ ఉంది కదా, దాన్నే ధారాళంగా పూశాడు. ఆ నెలంతా కారెక్కిన ప్రతివాడి పంచెకూ వెనక నూనె మరకే. తర్వాత నూనె జిగటగా ముదిరి దుమ్ము పట్టింది. ఆ వాసనకు కొట్టంలోని ఎలుకలు వచ్చి వెనక సీటు మూల కొరికాయి. అది చూశాక అమ్మ ఆ పని తన చేతికి తీసుకుంది. అమ్మ పుట్టింట్లో గుర్రబ్బండి ఉండేది. కళ్లేలు, పటకాలు పగలకుండా వాళ్ల నాయన ఏం రాసేవాడో ఆమె చూసి పెరిగింది.

అమ్మ పని చూడ్డానికి భలే ఉండేది. పాలు పిండడం, చల్ల చిలకడం అయ్యాక, ఎండ ముదరకముందే కారు తలుపులు నాలుగూ తెరిచి పెట్టేది. వేపపుల్ల కొస నమిలి కుంచెలాగా చేసి, దాంతో కుట్లలో ఇరుక్కున్న నల్లరేగడి దుమ్మును తీసేది. దుమ్ము కుట్టులో నిలిస్తే దారాన్ని కోస్తుందని చెప్పేది. కుంకుడుకాయ రసం చిలికి, నీళ్లు కాకుండా పైన తేలిన నురగను మాత్రం మెత్తని గుడ్డతో తీసుకుని తుడిచేది. వెంటనే పొడిగుడ్డతో ఒత్తేది. నెలకోసారి ఆముదంలో తేనెమైనం కరిగించి, గోరువెచ్చగా ఉండగా గుండ్రంగా రుద్దేది. ఎంత రాసిందో అంతా మళ్లీ తుడిచేసేది. తాగిందంతా తాగుతుంది, మిగిలింది మనకొద్దు అనేది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఉమ్మడి కాపురంలో ఆమెకు ఒంటరిగా ఉండే చోటు ఆ కారొక్కటేనేమో అని ఇప్పుడు అనిపిస్తుంది.

జేజి మాత్రం ఆ కారు ఎక్కేది కాదు. జేజి అంటే నాయన వాళ్లమ్మ. ఇల్లూ, కొట్టమూ, చేనూ అన్నీ ఆమె మాట మీదే నడిచేవి. పొద్దున లేస్తూనే ఆవుల ముఖం చూసి, వాటి నొసటికి కుంకం పెట్టి, ఆ తర్వాతే ఎవరితోనైనా మాట్లాడేది. సీట్లు తోలువని, అది ఆవుతోలని తెలిసిన రోజునే ఇక దాని మీద కూర్చునేది లేదని తేల్చేసింది. నాయన నచ్చజెప్పబోయాడు. నీ కాళ్లకున్న చెప్పులు తోలువి కావా అని అడిగాడు. అరుగు మీద వక్కాకు సంచి విప్పుకుంటూ ఆమె నింపాదిగా జవాబిచ్చింది.

“చెప్పులు కాళ్లకేసుకుంటారప్పా. నెత్తిన పెట్టుకోరు, వాటి మీద కూచోరు. నీ కారు నీది, నా ఎద్దులబండి నాది.”

అన్నట్టే నడుచుకుంది కూడా. పెళ్లిళ్లకు మేమందరం కారులో పోతే, ఆమె ముందురోజే బండి కట్టించుకుని బయలుదేరేది. దూరమైతే బస్సెక్కేది. అమ్మ సీట్లు తుడుస్తుంటే ఆమె ఆ పక్కకు వచ్చేది కాదు. తుడిచి వచ్చిన అమ్మ కాళ్లూ చేతులూ కడుక్కుంటే తప్ప వంటింట్లోకి రానిచ్చేది కాదు. అమ్మ ఎదురు చెప్పేది కాదు. ఇద్దరి మధ్యా గొడవలేమీ ఉండేవి కావు, కానీ ఆ కారు ఒకటి ఎప్పుడూ అడ్డంగా నిలబడి ఉండేది.

ఒక ఎండాకాలం లక్ష్మత్త కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఆమెను బద్వేలుకు ఇచ్చారు. మనిషి సన్నగా, చురుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ ఉండేది. నాకు జడ వేస్తూ సగం పనిలో ఆపి చింతచిగురు కోసం పెరట్లోకి పోయేది. ఒకరోజు తెల్లవారుజామున ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. పొద్దు నడినెత్తికి వచ్చినా బిడ్డ రాలేదు. మంత్రసాని బయటికి వచ్చి, ఇక తన చేతిలో లేదని, కర్నూలు ఆస్పత్రికి తీసుకుపొమ్మని చెప్పింది. నాయన కారు తీశాడు. అమ్మ ఇంట్లో ఉన్న నూలు దుప్పట్లన్నీ తెచ్చి వెనక సీటు మీద పరిచింది. అత్తను ఇద్దరు పట్టుకుని ఎక్కించారు. జేజి గడప దగ్గర నిలబడి ఉంది. ఇప్పుడేం చేస్తుందోనని నేను ఆమె వైపే చూస్తున్నాను. ఆమె చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చి, వెనక తలుపు తీసుకుని ఎక్కి, కూతురి తల ఒళ్లో పెట్టుకుంది. అమ్మ కాళ్ల వైపు కూర్చుంది. కారు దుమ్ములో కలిసిపోయింది.

ఆ కారులో నేను లేను. లోపల జరిగింది ఆ ముగ్గురు ఆడవాళ్లూ తర్వాత ఎన్నోసార్లు, ఎవరికి వాళ్లు, చెప్పగా విన్నాను. ముగ్గురి మాటల్లోనూ తేడాలున్నాయి. ఎండకు లోపల నిప్పులగుండంలా ఉందని అమ్మ చెప్పేది. నాయన గుంతలు తప్పించలేక దేవుళ్లందర్నీ తిట్టాడని జేజి అనేది. తనకు మాత్రం తోలు వాసన తప్ప ఏమీ గుర్తులేదని, సీటు అంచులో ముఖం దాచుకుని దాన్నే కొరికానని లక్ష్మత్త చెప్పేది. సగం దారి దాటాక ఇక ఆగదని తెలిసి, ఒక వంతెన పక్కన కారు ఆపమని జేజి అరిచింది. నాయనను దూరంగా పొమ్మంది. కాన్పులు చూడటం ఆమెకు తెలుసు గానీ, తన కూతురికి తన చేత్తో చేయాల్సి వస్తుందని ఎప్పుడూ అనుకోలేదట. బిడ్డ కాళ్లు ముందు వచ్చాయి. లక్ష్మత్త సీటు అంచు రెండు చేతులా పట్టుకుని లాగితే పాత కుట్టు తెగి, తోలు జానెడు మేర చిరిగిపోయి, లోపలి పీచు బయటికి వచ్చింది. బిడ్డ పుట్టింది, కానీ ఏడవలేదు. జేజి దాన్ని తలకిందులుగా పట్టుకుని వీపు మీద చరిచింది. నోట్లో వేలు పెట్టి జిగురు తీసింది. మళ్లీ చరిచింది. ఆ కాసేపట్లో తాను ముసలిదాన్ని అయిపోయానని ఆమె అనేది. బిడ్డ ఏడ్చింది. కానీ అత్తకు రక్తం ఆగలేదు. కర్నూలు చేరేసరికి ఆమెకు స్పృహ లేదు. ఆస్పత్రిలో కొన్ని రోజులు ఆమె ఉంటుందో పోతుందో ఎవరికీ తెలియలేదు. అమ్మ అక్కడే ఉండిపోయింది. చివరికి అత్త గండం గట్టెక్కింది.

ఆ మధ్యలో నాయన జేజిని ఇంటికి తీసుకొచ్చాడు. కారు వాకిట్లో ఎండలోనే నిలబడిపోయింది. దాని వైపు చూసే ఓపిక ఎవరికీ లేదు. రక్తంతో తడిసిన తోలు ఎండి రేకులాగా బిగుసుకుపోయింది. కర్నూలు నుంచి అత్త బాగుందన్న కబురు అందిన రోజు, జేజి బిందెడు నీళ్లలో పిడికెడు పసుపు కలిపి, బిడ్డ పుట్టిన చోటని, సీటు నిండా పోసి చేతులతో కడిగింది. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అదే పని. అమ్మ వారం తర్వాత వచ్చి కారు తలుపు తీసింది. సీటు పచ్చగా ఉంది. నీళ్లు లోపలి పీచుకు పట్టి ముక్కిపోయిన వాసన వస్తోంది. చిరుగు అంచులు ముడుచుకుని పైకి లేచాయి. అమ్మ అత్తగారికి ఎదురు మాట్లాడటం నేను విన్నది ఆ ఒక్కసారే.

“అది గడప కాదత్తా, పసుపు పుయ్యడానికి. తోలు. నీళ్లు పోస్తే సస్తాది. ఎవురు పొయ్యమన్నారు మిమ్మల్ని?”

జేజి కోప్పడుతుందనుకున్నాం. చేతిలోని వక్కాకు అట్లాగే ఉంది, నోట్లో పెట్టుకోలేదు. తర్వాత చాలా నెమ్మదిగా అంది.

“నువ్వనేది నిజమే మేయ్. ఆ పొద్దు అది తోలని నాకు మతికే రాలేదు. కడిగేటప్పుడూ రాలేదు.”

అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ఆస్పత్రిలో ఆపుకున్న ఏడుపంతా అప్పుడు వచ్చిందని తర్వాత చెప్పింది. జేజి వచ్చి ఆమె పక్కన, కారు మెట్టు మీద, కూర్చుంది.

పురుడైన కారని ఊళ్లలో పాకింది. పెళ్లికి మాట్లాడుకున్న పక్క ఊరివాళ్లు, వేరే బండి దొరికిందని మర్యాదగా కబురు పంపారు. నాయన మనసు చిన్నబోయింది. ఆ సీటు తీసి పారేసి, పట్నంలో రెగ్జీన్ సీట్లు వేయిస్తానన్నాడు. అమ్మ ఏమీ అనకముందే జేజి అడ్డం పడింది. బిడ్డను పారేశామా, తల్లిని పారేశామా, సీటునెందుకు పారేయాలని అడిగింది. పెళ్లివాళ్లు రాకుంటే మానె, మనం కూర్చుంటాం అంది. ఆ మాటకు నాయన ముఖం చూడాల్సింది. “నువ్వు కూచుంటావా అమ్మా?” అని అడిగాడు. “ఇంకేం మిగిలిందప్పా కూచోనీకి?” అంది జేజి.

అట్లా మా ఇంటికి ఖాదర్ సాబు వచ్చాడు. కర్నూలులో జట్కా గుర్రాలకు జీనులు, పటకాలు కుట్టేవాడు. అమ్మ పుట్టింటికి కూడా ఆయనే కుట్టేవాడట. జట్కాలు తగ్గిపోతున్న కాలం అది. ఒక సంచిలో తన సామాను వేసుకుని వచ్చి, వేపచెట్టు కింద సీటు దింపించుకుని, కొన్నాళ్లు మా కొట్టంలోనే ఉండి పనిచేశాడు. ముందు లోపలి పీచంతా తీసి ఎండలో పరిచాడు. తోలును మాత్రం నీడలోనే ఉంచి, రోజూ కొద్దికొద్దిగా తడిగుడ్డ, కొద్దికొద్దిగా నూనె పెట్టి మెత్తబరిచాడు. తొందరపడితే పెళుసుగా విరిగిపోతుందని చెప్పాడు. మామూలుగా తాము గొర్రె కొవ్వు వాడతామని అన్నప్పుడు జేజి ముఖం ముడిచి లోపలికి పోయి, తను స్వయంగా వండిన ఆముదం సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది. మనవరాలి మాడుకు పెట్టడానికి దాచిన వంటాముదం అది.

“బిడ్డకు పెట్టేదే దీనికీ పెట్టు సాయిబూ. దీన్ని మించింది మా ఇంట్లో లేదు.”

ఖాదర్ సాబు సీసా మూత తీసి వాసన చూసి నవ్వాడు. “ఇది జీనుకు రాస్తే ఎక్కినోడు గుర్రం దిగడు పెద్దమ్మా,” అన్నాడు.

చిరుగు కిందికి తోలు ముక్క ఒకటి జరిపి, అంచులు దాని మీదికి దగ్గరగా లాగి కుట్టాలి. ఆరెతో బెజ్జం పొడిచి, మైనం పట్టించిన దారాన్ని ఒక సూదితో ఇవతలి నుంచి, ఇంకో సూదితో అవతలి నుంచి పంపి బిగించాలి. సీటు పెద్దది కాబట్టి అవతల ఇంకో మనిషి కావాల్సి వచ్చింది. నాయన కూర్చుంటే ఆయన మోటు వేళ్లకు సూది చిక్కలేదు. అమ్మ కూర్చుంటానంది. పరాయి మగవాడి ఎదురుగా కోడలు కూర్చుని పనిచేయడం మా ఇంట్లో ఎరగని సంగతి. జేజి ఒక్క క్షణం ఆలోచించి, మంచం తెచ్చి వేపచెట్టు కింద వేయించుకుని, తానూ అక్కడే కూర్చుంది. సాబు ఇటు నుంచి సూది పంపితే అమ్మ అటు నుంచి అందుకుని లాగేది. మాటలుండేవి కావు. దారం తోలులోంచి జారే చప్పుడు మాత్రం వినపడేది. మధ్యమధ్య జేజి మంచం మీద నుంచి, ఆ కుట్టు వంకరపోతాందని, ఈ కుట్టు వదులైందని చెబుతూ ఉండేది. ఆమెకు కుట్టుపని ఏమాత్రం రాదు.

పని ముగిసేసరికి సీటు మెత్తబడింది. చిరిగిన చోట పెద్ద మచ్చలాగా కుట్టు కనబడేది. పసుపు మాత్రం పోలేదు. బెల్లం రంగు మధ్యలో ఒక మూల ఎప్పటికీ పచ్చగానే ఉండిపోయింది. బిడ్డను బద్వేలుకు పంపేరోజు అందరికన్నా ముందు జేజే వెళ్లి వెనక సీట్లో కూర్చుంది. దుప్పటి పరచబోతే వద్దంది. అంత దూరం పోయి, కూతురినీ మనవరాలినీ దింపి, తిరిగి వచ్చింది. ఆ తర్వాత ఆమె కోసం ఎద్దులబండి కట్టలేదు. అడిగినవాళ్లకు మాత్రం, తోలు మీద కూర్చోవడం ఇప్పటికీ తనకు ఇష్టం లేదని, మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కుతున్నానని చెప్పేది. ఊళ్లో పద్మకు కారుపద్మ అని పేరు పడింది. పెద్దయ్యాక ఆ పేరు విన్నప్పుడల్లా పద్మ ఉడుక్కునేది.

ఏళ్లు గడిచాక జేజి మంచాన పడింది. ఆ రోజుల్లో అమ్మ ఆమె వీపుకు, మడమలకు ఆముదం రాసి, అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టేది. కారు సీటును తోమినట్టు తోముతావేమే నన్ను అని జేజి విసుక్కునేది. చివరిదాకా ఆమె ఒంటి మీద ఒక్క పుండు పడలేదు. ఆమె పోయాక, నాయన కూడా పోయాక, కారుకు సామాను దొరక్క, ఎవరో పాత కార్లు పోగుచేసే ఆయన వచ్చి కొనుక్కుపోయాడు. అమ్మ నా దగ్గరికి కర్నూలు వచ్చేసింది.

ఆ కాలం గొప్పదని నేను అనను. ఆ ఎండలో, ఆ గుంతల దారిలో లక్ష్మత్త పడ్డ పాటు ఏ ఆడకూతురూ పడకూడదు. ఇప్పుడు ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది, అది చాలా మేలు. చినిగిన సీటుకు బదులు సాయంత్రానికల్లా కొత్తది వేసిచ్చే అంగడి కూడా మేలే, తీరిక లేనివాళ్లకు. కానీ ఒక వస్తువు చెడిపోతే దాని చుట్టూ నలుగురు చేరి, దాన్ని ఏం చేయాలని వాదించుకుని, అలిగి, చివరికి ఒకరు ఇటు సూది, ఒకరు అటు సూది పట్టుకోవడం అన్నది నా ఇంట్లో మళ్లీ నేను చూడలేదు. మా ఇంట్లో ఇప్పుడు వస్తువులు పాడవుతాయి, మాయమవుతాయి, వాటి చోట వేరేవి వస్తాయి. ఎవరూ పోట్లాడుకోరు.

ఇదంతా పద్మకు కారులో చెప్పలేదు. ఆముదం, తేనెమైనం అని మాత్రం చెప్పి, అమ్మనే అడుగుదాం పద అన్నాను. దారిలో రెండూ కొనుక్కుని ఇంటికి వచ్చేసరికి అమ్మ నిద్రలేచి ఉంది. ఎనభై దాటిన మనిషి, చూపు బాగా తగ్గింది. విషయం చెబితే కర్ర పట్టుకుని కిందికి దిగింది. కారు తలుపు తీయించి, వంగి, నలిగిన సీటును అరచేత్తో తడిమింది. పైన ఏదో పూత ఉందని, కింద మాత్రం తోలేనని, బతుకుతుందని చెప్పింది. పూత ఉన్నచోట నూనె తాగదు, నెర్రెల్లోనే పెట్టండి, ఎక్కువ పెట్టొద్దు అంది. విచ్చుకున్న కుట్టు తన కళ్లకు ఆనదు గనక, దాన్ని మాత్రం అంగడి అతని చేత వేయించమంది. తర్వాత ఆమె చెయ్యి పైకి పోయి, తల ఆనుకునే చోట ఆగింది. అక్కడ అరచేతంత మేర నల్లగా, జిడ్డుగా ఉంది. నేను అప్పటిదాకా గమనించలేదు.

పద్మ ముందుకు వచ్చింది. “అది వదిలెయ్ అత్తా. అది అమ్మ తల. ఆస్పత్రికి పోయేటప్పుడల్లా ఆడ ఆనించుకుంటాండె. కడాకు నిద్రపోతానే ఉండె.”

అప్పుడు తెలిసింది నాకు, ఆ ఒక్క సీటే ఎందుకంత నలిగిందో, కొత్త కవర్లు ఎందుకు వద్దందో. చివరి రెండేళ్లలో కడప నుంచి తిరుపతికి, కర్నూలుకు, వాళ్లమ్మను తిప్పని ఆస్పత్రి లేదు. లక్ష్మత్త ఎప్పుడూ ముందు సీట్లోనే, కూతురి పక్కనే కూర్చునేది.

అమ్మ చెయ్యి అక్కడ్నుంచి తీయలేదు. వేళ్లతో ఆ చోటును కాసేపు అట్లాగే నిమిరింది. లక్ష్మత్త అమ్మకు ఆడబిడ్డ. అంతకన్నా ఎక్కువగా, కళ్లముందు పెరిగిన చెల్లెలి లెక్క.

“వదిలితే ముందు పగిలేది ఈడనే పాపా,” అంది అమ్మ. “తలనూనె, చెమట, రెండూ తోలును తింటాయి. నీకు సీటు ఉండాల్నా, మరక ఉండాల్నా?”

పద్మ తలుపు దగ్గర నుంచి పక్కకు జరిగింది. నేను పైకి వెళ్లి కుంకుడు రసం చిలికి తెచ్చాను. అమ్మ గుడ్డకు నురగ అద్ది, పిండి, పద్మ చేతికి ఇచ్చింది. నువ్వే తుడువు, మెల్లగా, గుండ్రంగా అని మాత్రం చెప్పింది. పద్మ కారులోకి వంగి తుడవడం మొదలుపెట్టింది. గుడ్డ మట్టిరంగుకు తిరిగింది. ఆమె దాన్ని మడిచి ఇంకోవైపుతో తుడిచింది. ఒకసారి ఆగి గుడ్డను ముఖం దగ్గర పెట్టుకుని, మళ్లీ పనిలో పడింది. మరక పూర్తిగా పోలేదు, పలచబడింది. తర్వాత మేం ముగ్గురం నెర్రెల్లో ఆముదం మైనం పట్టించి, అమ్మ చెప్పినట్టు, మిగిలిందంతా ఒత్తి తీసేశాం. అమ్మ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చూపు ఆనకపోయినా, ఆ మూల వదిలేశారని, ఈ అంచు వదిలేశారని చెబుతూనే ఉంది.

ఎండ వాలాక, సీటు ఎట్లా ఉందో చూద్దాం, తుంగభద్ర వంతెన దాకా పోయివద్దాం అంది పద్మ. నేను వెనక ఎక్కాను. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టి, పద్మ బెల్టు బిగించింది. అమ్మ నిటారుగా, వీపు కూడా ఆనించకుండా కూర్చుంది. కారు వీధి మలుపు తిరిగింది.

“తల ఆనించుకో అత్తా,” అంది పద్మ.

“పొద్దున్నే తలకు నూనె పెట్టుకున్యాను పాపా. ఇప్పుడే గదా తుడిచినాం.”

“కానీలే,” అంది పద్మ. “ఆనించుకో.”

అమ్మ తల వెనక్కి వాల్చి కళ్లు మూసుకుంది.